తలంబ్రాల మోడ్

పోయిన నెల నా కెమెరా మొరాయించింది. బటన్ నొక్కితే ఒక్కోసారి ఫొటో పడుతుంది, ఒక్కోసారి పడదు. సముద్రం దగ్గర తిరిగీ తిరిగీ ఉప్పుగాలి పట్టి ఉంటుందనుకుని నెల్లూరు తీసుకెళ్లి రిపేరు షాపులో ఇచ్చి వచ్చాను. మర్నాడు బడిలో స్టాఫ్‌రూములో ఉండగా షాపతను ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ కెమెరా బాగైపోయింది. అయితే లోపల సెట్టింగులన్నీ ఎవరో తారుమారు చేసి పెట్టినారు. ఏ బటన్ చేయాల్సిన పని ఆ బటన్ చేయడంలా. అన్నీ తీసేసి కొత్తదాని మాదిరి చేసి ఇచ్చేదా?"

"వద్దు! దాన్ని ముట్టుకోవద్దు!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పక్కన జవాబుపత్రాలు దిద్దుకుంటున్న లెక్కల సారు పెన్ను ఆపి నా మొహంలోకి చూశాడు.

సాయంత్రం బడి వదలగానే బస్సెక్కి పోయి కెమెరా తెచ్చుకున్నాను. షాపు మెట్ల మీదే ఆన్ చేసి చూసుకున్నాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది. ఆ సెట్టింగులు పెట్టిన మనిషి పోయిన వానాకాలంలో పోయాడు. మా బుచ్చిరెడ్డిపాలెంలో అందరూ ఆయన్ను స్టూడియో అన్న అనేవాళ్లు. నేనూ అట్లాగే పిలిచేదాన్ని.

బజారులో బియ్యం కొట్ల వరసలో, మేడ మీద ఆయన స్టూడియో. వాళ్ల నాయన పెట్టింది. మా చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే ముందు పంతులుగారికి కబురు, తర్వాత స్టూడియో అన్నకి. నికా అయినా, చర్చిలో పెళ్లయినా, మా రెడ్ల ఇళ్లలో పెళ్లయినా ఆయనే ఉండాలి. ముస్లిం ఇంట్లో పుట్టినా మా పెళ్లి తంతు ఆయనకి కంఠతా వచ్చు. మా చెల్లెలి పెళ్లిలో కొత్తగా వచ్చిన పంతులు తొందరపడి ఒకటి వదిలేసి ముందుకు పోబోతుంటే, ఈయన కెమెరా కిందికి దించి, "అయ్యవారూ, జీలకర్ర బెల్లం కాలా ఇంకా" అని మెల్లిగా అన్నాడు. పందిరంతా నవ్వింది. పంతులు కూడా నవ్వాడు పాపం.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్లజోడు ఎప్పుడూ మెడలో వేలాడుతుండేది. ఎవరైనా మాట్లాడుతుంటే ఎడమకన్ను మూసి వినేవాడు. కొత్తవాళ్లు ఏదో కన్నుకొడుతున్నాడనుకుని ఇబ్బంది పడేవాళ్లు. అది జన్మంతా కెమెరాలోంచి చూసిన అలవాటు. ఎదుటి మనిషిని ఫ్రేములో పెట్టుకుంటే గాని మాట చెవికెక్కేది కాదాయనకి.

పిట్టల పిచ్చి ఆయనకి నడివయసులో పట్టింది. సూళ్లూరుపేట వైపు ఏదో పెళ్లి చేసి వస్తూ, తోవలో నేలపట్టు దగ్గర ఆగాడట. చెరువు నీళ్లలోనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు. పిల్ల వచ్చి తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటోంది. "నేను ఇన్ని పెళ్లిభోజనాలు తీసినా గాని టీచరమ్మా, అట్టా తినేవాళ్లని ఎప్పుడూ చూళ్లా" అనేవాడు. ఆ పొద్దు నుంచి వారంలో ఒక పూట పిట్టలది. ఆ పూట ముహూర్తం ఉందంటే, తమ్ముణ్ణి పంపేవాడు గాని తను పోయేవాడు కాదు.

మంచి ఫొటో పడితే ఆయన చేసే పని ఒకటుంది. కెమెరా దించి, పిట్ట వైపు తిరిగి, కుడిచెయ్యి నుదుటి దాకా ఎత్తి సలాం చేసేవాడు. కొంగకైనా సరే, పిచ్చుకకైనా సరే. చుట్టూ ఎవరున్నారో పట్టించుకునేవాడు కాదు.

నేను కెమెరా కొన్నాక నేర్చుకుందామని ఆయన దగ్గరికే పోయాను. మొదటిసారి మా ఊరి దగ్గరి కనిగిరి రిజర్వాయరు కట్ట మీదికి తీసుకెళ్లాడు. ఒక లకుముకిపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని ఉంది. నేను చక్రం తిప్పి, బటన్ వెతికి, వెలుగు సరిచేసుకుని, తీరా కన్ను పెట్టేసరికి తీగ ఊగుతోంది. పిట్ట లేదు. ఇంకోటి వచ్చింది. మళ్లీ అంతే.

స్టూడియో అన్న నా చేతిలోంచి కెమెరా తీసుకున్నాడు.

"టీచరమ్మా, పిట్ట వచ్చినాక ఆలోచిస్తే ఎట్టా? అది రాకముందే ఆలోచించి పెట్టుకోవాల. వచ్చినాక తీయడమే."

కట్ట మీద గొంతుక్కూర్చుని, మెనూలోకి పోయి, ఒక్కొక్కటే మార్చడం మొదలుపెట్టాడు. కెమెరా పైన చక్రం మీద సి-వన్, సి-టూ, సి-త్రీ అని మూడు గుర్తులు ఉంటాయి. మనకి కావాల్సినట్టు ముందే అమర్చి దాచుకోవడానికి. నేను వాటి జోలికి ఎప్పుడూ పోలేదు. కొన్ని బటన్ల పనులు కూడా మార్చి, ఆయన మూడూ నింపాడు. వాటికి పేర్లు కూడా పెట్టాడు.

"మొదటిది నిశ్చితార్థం. పిట్ట కొమ్మ మీద కూర్చోనుంది. అందరూ కుదురుగా ఉండారు, తొందరేం లా. ఫోకస్ ఒక్క చుక్క చాలు, పిట్ట కంటి మీద పెట్టండి. స్పీడ్ ఎక్కువ అక్కర్లా, ఫొటో నున్నగా వస్తుంది. రెండోది తలంబ్రాలు. ఎవరి చెయ్యి ఎటు లేస్తుందో దేవుడికి కూడా తెలీదు. పిట్ట ఎగిరిందంటే దీనికి తిప్పేయండి. సెకనుని మూడువేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క అంత స్పీడు పెట్టినా. ఫోకస్ దానంతటదే పిట్ట ఎంబడి పడిపోతుంది. మీరు వేలు తీయకండి, అంతే."

"మూడోది?"

"అప్పగింతలు. పొద్దుగూకినాక తీసేది. వెలుతురు పోయింది, అందరూ నిదానంగా కదుల్తా ఉంటారు. స్పీడు తగ్గించినా. ఫొటోలో కొంచెం నూగు మాదిరి చుక్కలు పడ్డా పర్వాలేదు. మీరు మాత్రం ఊపిరి బిగబట్టాల."

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయనకది పరిహాసం కాదు. ఇంకో లకుముకిపిట్ట నీళ్ల మీదికి దూకబోతుంటే, "తలంబ్రాలు! తలంబ్రాలు!" అని అరిచాడు. తిప్పాను, నొక్కాను. నీళ్లలోంచి చేపతో లేస్తున్న పిట్ట, రెక్కల మీంచి జారే చుక్కలతో సహా పడింది. నా జీవితంలో నేను తీసిన మొదటి ఎగిరే పిట్ట అది.

ఇంకొక పాఠం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తెల్లరంగు. ఎక్కడికి పోయినా జేబులో ఇస్త్రీ చేసిన తెల్ల చేతిరుమాలు ఒకటి ఉండేది. పోగానే దాన్ని నా చేతికిచ్చి ఎండలో పట్టుకోమనేవాడు. దాన్ని కెమెరాలో చూసి, తెలుపు కాలిపోకుండా, మడతలు కనిపించేటట్టు వెలుగు సరిచేసుకుని, ఇక దాన్ని బిగించేసేవాడు. ఆటోమేటిక్కులో వదిలేవాడు కాదు.

"పిట్ట మీద పడే ఎండ మారదు టీచరమ్మా. దాని వెనకాల ఉండేది మారతా ఉంటుంది. కాసేపు చెట్టు, కాసేపు ఆకాశం. కెమెరాకి ఆ తేడా తెలీక కంగారు పడి వెలుగు పెంచుతా తగ్గిస్తా ఉంటుంది. మనం కంగారు పడకూడదు. పెళ్లికొడుకు పంచె మడతలు పోతే పెళ్లికూతురోళ్లు ఊరుకుంటారేమో గాని, కొంగ ఈకలు పోతే నేను ఊరుకోను."

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఆయన చేతిలోంచి బ్లేడు జారిపోయింది. కింద పడినదాన్ని తీసుకుందామంటే చెయ్యి రాలేదు. పక్షవాతం. నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మాట సర్దుకుంది. కాలు కొంచెం ఈడుస్తూ నడిచేవాడు. కుడిచెయ్యి మాత్రం తిరిగి రాలేదు. ఒళ్లో పెట్టుకుంటే పెట్టిన చోటే ఉండేది.

స్టూడియో తమ్ముడు చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన కంటే బాగా చిన్నవాడు, వీడియోలు తీసేవాడు. అన్నంటే ప్రాణం. కాకపోతే అన్నీ లెక్కగా ఆలోచించే మనిషి. పిట్టల మోజు అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు.

వానలు తగ్గాక స్టూడియో అన్న కనిగిరి కట్టకి పోదామన్నాడు. తమ్ముడు కారులో తీసుకొచ్చాడు. నేనూ పోయాను. స్టాండు మీద పెద్ద లెన్సు బిగించి పెట్టాం. ఆయన ఎడమచేతిని కెమెరా మీది నుంచి అటువైపుకి చాపి కుడివైపు బటన్ అందుకోవాలని చూశాడు. వేలు అందింది. కానీ లెన్సుని తిప్పడానికి ఇంకో చెయ్యి లేదు. తేనెటీగల్ని పట్టే పచ్చని పిట్టలు వచ్చి తీగ మీద వాలాయి, ఎగిరాయి, మళ్లీ వాలాయి. ఆయన లెన్సు తిప్పి, చెయ్యి బటన్ దగ్గరికి తెచ్చేసరికి తీగ ఖాళీ. మళ్లీ. మళ్లీ. చివరికి విసురుగా చెయ్యి మార్చబోతే స్టాండు ఒరిగింది. తమ్ముడు పట్టుకోబట్టి సరిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో తమ్ముడు నెమ్మదిగా అన్నాడు.

"అన్నా, కోపం తెచ్చుకోవద్దు. ఆ పెద్ద లెన్సు ఇంట్లో బూజు పట్టడం దేనికి? అమ్మేద్దాం. వాడేవాళ్ల చేతిలో ఉంటే దానికీ మంచిది."

స్టూడియో అన్న ఎడమకన్ను మూసి తమ్ముణ్ణి చాలాసేపు చూశాడు.

"ఈ చలికాలం ఒక్కటి ఆగరా. పిట్టలు తిరిగి పోయేలోపల నేననుకున్న ఫొటో ఒక్కటి తీయలేకపోతే నేనే తెచ్చి నీ చేతికిస్తా."

"ఏ ఫొటో?"

"సముద్రపు గద్ద."

తెల్లపొట్ట సముద్రపు గద్ద కోసం అన్న రెండు చేతులూ బాగున్న రోజుల్లోనే ఎన్నో ఏళ్లు తిరిగాడనీ, ఒక్కసారీ సరిగ్గా పడలేదనీ మా ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఆదివారాలు వాళ్లింటికి పోయేదాన్ని. మంచం మీద కెమెరా, దాని ముందు ఆయన. కెమెరాలన్నీ కుడిచేతివాళ్ల కోసమే చేస్తారని నాకు అప్పుడే తెలిసింది. నొక్కే బటన్ కుడివైపు, తిప్పే చక్రాలు కుడివైపు, పట్టుకునే పిడి కుడివైపు. ఎడమచేతికి మోసే పని తప్ప ఇంకేం లేదు.

"ఇన్నాళ్లూ ఇది కూలి చెయ్యి టీచరమ్మా" అన్నాడు ఎడమచెయ్యి చూపించి. "ఇప్పుడు దీనికి ప్రమోషన్ ఇస్తావుండా."

ముందు తీగతో ఉండే రిమోట్ బటన్ తెప్పించాడు. దూరం నుంచి నొక్కడానికి వాడే చిన్న కట్టె లాంటిది. ఆయన భార్య, నేను వదిన అని పిలిచే ఆవిడ, పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి, దాంతో ఆ రిమోట్‌ని లెన్సు అడుగున ఉండే పాదానికి బిగించి కట్టింది. ఆ పాదాన్ని ఎడమచేత్తో పట్టుకుంటే లెన్సు తిప్పడానికి పట్టు దొరుకుతుంది, బొటనవేలు బటన్ మీద ఉంటుంది. లెన్సు ఒంటి మీద మామూలుగా ఎవరూ వాడని గుండీ ఒకటుంది. చూపుడువేలితో దాన్ని నొక్కితే కెమెరా ఒక్కసారిగా తలంబ్రాల్లోకి దూకేటట్టు పెట్టుకున్నాడు. కుడిచేతి చక్రం చేసే పనిని లెన్సు చుట్టూ ఉండే రింగుకి అప్పగించాడు. ఒక్కో మార్పుకి మెనూలో ఎక్కడెక్కడికో పోవాలి. అక్షరాలు చిన్నవి. కళ్లజోడు పెట్టుకోవడం ఆయన్ను నేను చూసింది ఆ రోజుల్లోనే.

"దాన్ని వదిలిపెట్టరా?" అనేది వదిన పక్క గదిలోంచి. "నిద్రలో కూడా బొటనవేలు ఆడిస్తా ఉండారు."

అమర్చడం ఒక ఎత్తు, చేతికి అలవాటు చేయడం ఒక ఎత్తు. వదిన రోజూ పొద్దున మిద్దె మీద నూకలు చల్లేది. కాకులూ గోరింకలూ దిగేవి. ఆయన వాటి మీద సాధన చేసేవాడు. మొదట్లో తోకలు పడ్డాయి. తర్వాత ఒట్టి గోడలు. రిమోట్ వేలికి అందడంలేదని కొంచెం ముందుకి కట్టించాడు. మరీ ముందుకి వచ్చిందని మళ్లీ వెనక్కి. కొన్నాళ్లకి కాకులు ఫ్రేములోకి వచ్చాయి. అయితే ఫోకస్ కాకిని వదిలేసి వెనకాల కొబ్బరిచెట్టు మీదికి దూకేది.

ఒక ఆదివారం నేను పోయేసరికి మొహం వెలిగిపోతోంది.

"దొరికింది టీచరమ్మా! ఈ ఫోకస్ మరీ మంచిది. ఎవరు అడ్డమొస్తే వాళ్ల వైపు చూస్తా ఉంది. దీన్ని కొంచెం మొండిదాన్ని చేయాల." మెనూలో ఒక గీత మీద గుర్తుని చివరికంటా జరిపి చూపించాడు. "మధ్యలో అత్తలొచ్చినా, మామలొచ్చినా ఇంక ఇది పెళ్లికూతుర్ని వదలదు."

మిద్దె మీదికి పోయాం. వదిన నూకలు చల్లింది. పిట్టగోడ మీది కాకి లేచి, కొబ్బరిమట్టల ముందు నుంచి అడ్డంగా ఎగిరింది. లెన్సు దాని వెంట తిరిగింది. ఫొటోలో కాకి కంట్లో సూర్యుడి చుక్క కూడా ఉంది. వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "నా నూకలన్నీ తిన్నందుకు ఆ మాత్రం చేసిందిలే" అంది.

మైపాడు దాటి కొంచెం పోతే, ఒక కాలవ సముద్రంలో కలిసేచోట ఇసుక తిన్నె ఉంది. తిన్నెకి ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కాలవ, కాలవ అవతల దట్టంగా సరుగుడు తోట. ఆ తోటలో గద్ద గూడు కట్టిందని వల వేసేవాళ్లు చెప్పారు. ఒక శనివారం తెల్లవారేసరికి ముగ్గురం అక్కడున్నాం. తమ్ముడు స్టాండు మోసుకొచ్చి తిన్నె మీద పాతాడు. స్టూడియో అన్న ఇసుకలో కాలీడ్చుకుంటూ, నా భుజం పట్టుకుని నడిచొచ్చాడు. సూర్యుడు సముద్రంలోంచి లేచి మా వీపుల మీద పడుతున్నాడు. ఎదురుగా కాలవంతా వెలుగే.

"రుమాలు పట్టుకోండి" అన్నాడు. పట్టుకున్నాను. లెన్సు రింగు తిప్పి, మడతలు చూసి, "చాలు" అన్నాడు. ఇంక కూర్చున్నాం.

గద్ద తోటలో ఎత్తైన సరుగుడు కొమ్మ మీద ఉంది. తెల్లటి ఛాతీ, బూడిదరంగు రెక్కలు. కదలదు. తమ్ముడు ఫోన్ చూసుకున్నాడు, ఇసుకలో పచార్లు చేశాడు, ఇడ్లీలు తిన్నాడు. ఎండ ఎక్కుతోంది. కాలవలో ఇద్దరు వల లాగుతున్నారు.

ఉన్నట్టుండి వాళ్లలో ఒకతను, "థూ, పాము!" అని వలలోంచి పొడుగాటి ఉప్పునీటి పాముని తీసి దూరంగా నీళ్లలోకి విసిరాడు. అది పైపైన మెలికలు తిరుగుతూ ఈదడం మొదలుపెట్టింది.

కొమ్మ ఊగింది.

"వస్తా ఉండాది" అన్నాడు స్టూడియో అన్న, మామూలు గొంతుతో.

నేను నా కెమెరా ఎత్తాను. గద్ద రెక్కలు సగం ముడిచి కాలవ మీదికి జారింది. కాళ్లు ముందుకి చాపింది. నీళ్లు చెదిరాయి. లేచేసరికి పాము గోళ్లలో ఉంది, పైకి మెలికపడి గద్ద పొట్టని కొడుతోంది. గద్ద నల్లటి సరుగుడు తోట ముందు నుంచి అడ్డంగా వచ్చి, మాకు ఎదురుగా ఒక్కసారి వాలుగా తిరిగి, చెట్ల తలలు దాటి ఆకాశంలోకి పోయింది. ఇదంతా నేను చెప్పినంతసేపు కూడా పట్టలేదు. నా పక్కన ఆయన కెమెరా వానచినుకుల్లా చప్పుడు చేస్తూనే ఉంది. చివరికంటా ఆగలేదు.

నేను నాది చూసుకున్నాను. ఆరోజు నేను హడావిడిలో వెలుగు ఆటోమేటిక్కులోనే వదిలేశాను. చెట్ల ముందున్న గద్ద తెల్లటి సున్నపు ముద్దలా ఉంది. ఆకాశంలో గద్ద బొగ్గులా ఉంది. ఆయన వైపు తిరిగాను.

ఆయన స్క్రీన్ చూడటంలేదు. గద్ద పోయిన వైపే చూస్తున్నాడు. తమ్ముడు వంగి, ఒక్కో ఫొటో ముందుకి జరుపుతున్నాడు. నీళ్లు చెదిరినది. గోళ్లు దిగినది. నల్లటి తోట ముందు తెల్లటి ఛాతీ, మీద ఒక్కొక్క ఈకా విడివిడిగా. పాము పొలుసులు. ఆకాశం ముందు కూడా అదే తెలుపు, అదే ఈకలు. గద్ద మా వైపు తిరిగిన క్షణంలో దాని కన్ను సూటిగా లెన్సులోకి చూస్తోంది.

తమ్ముడు జరపడం ఆపేశాడు. ఆ ఒక్కదాని దగ్గరే ఉండిపోయాడు.

"అన్నా..." అన్నాడు.

స్టూడియో అన్న అప్పుడు ఎడమచేత్తో తన కుడిచేతి మణికట్టు పట్టుకున్నాడు. దాన్ని మెల్లిగా పైకెత్తాడు. నుదుటి దాకా ఎత్తి, సరుగుడు తోట వైపు సలాం చేశాడు. కాలవలో వల లాగేవాళ్లు ఏం జరిగిందో తెలియకపోయినా, మాకేసి చూసి చేతులూపారు. ఆయన నవ్వాడు. జబ్బు చేసిన తర్వాత అంత నోరారా నవ్వడం నేను చూడలేదు. నేను కూడా ఇసుకలో నిలబడి పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను.

ఆ లెన్సు అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే కాదు, వారం తిరక్కుండా తమ్ముడే నాకు ఫోన్ చేశాడు.

"టీచరమ్మా, పులికాట్‌లో ఫ్లెమింగోలు దండిగా దిగినాయంట. అన్నని తీసుకుపోతావుండా. ఆదివారం మీరు కూడా రండి."

సూళ్లూరుపేట దాటి సరస్సు మధ్యనుంచి పోయే రోడ్డు మీద కారాపాం. రెండు పక్కలా లోతులేని నీళ్లు, దూరంగా గులాబీరంగు గీత. స్టూడియో అన్న రోడ్డు వారన స్టూలు మీద కూర్చున్నాడు. తమ్ముడి తీరే మారిపోయింది. ఎండ ఎటుంది, గాలి ఎటుంది అని నన్ను అడుగుతున్నాడు. కింద బురద గట్టిగా ఉంటే స్టాండుని ఇంకొంచెం కిందికి దించొచ్చు, పిట్టల ఎత్తులోంచి తీయొచ్చని అతనికే తోచింది. చూసొస్తానని పంట్లాం మడిచి దిగాడు.

నాలుగడుగులు వేశాడో లేదో మోకాళ్లదాకా దిగబడ్డాడు. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. దానికోసం తడుముకుంటూ ఉండగా, పైన ఎక్కడినుంచో ఒక డేగ వచ్చింది. దాని నీడ నీళ్ల మీద జారింది. గుంపు మొత్తం ఒక్కసారిగా లేచింది. లేచి, మా రోడ్డు వైపే మళ్లింది. తెల్లటి పిట్టలు రెక్కలు విప్పేసరికి లోపలి ఎరుపంతా బయటపడి ఆకాశం రంగు మారిపోయింది.

"అన్నా! వస్తా ఉండాయి! ఎడంపక్క! ఎడంపక్కన్నా!" అని తమ్ముడు బురదలోంచి గొంతు చించుకుని అరిచాడు. చెప్పు సంగతి మర్చిపోయి, రెండు చేతులూ పైకెత్తి, వాటికింద నిలబడి, చిన్నపిల్లాడిలా తల వెనక్కి వాల్చి చూస్తున్నాడు.

స్టూడియో అన్న లెన్సు తిప్పాడు. బొటనవేలు దిగింది.

గుంపు మా తలల మీంచి దాటిపోయాక తమ్ముడు, "పడిందా అన్నా?" అని అరిచాడు.

"పడింది! నువ్వు కూడా పడినావురా అందులో!"

ఆ ఫొటోనే ఆయన పెద్దది చేయించాడు. సముద్రపు గద్దని కాదు. స్టూడియో మెట్లెక్కి లోపలికి పోగానే ఎదురుగోడ మీద ఉంటుంది. ఆకాశం నిండా రెక్కలు, వాటికింద మోకాళ్లదాకా బురదలో, చేతులెత్తి నవ్వుతున్న మనిషి. మొన్న నేను పోయినప్పుడు పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లెవరో దాన్ని చూసి, ఎవరండీ ఆయన అని అడిగారు.

తమ్ముడు ఆల్బం పక్కన పెట్టి, లేచి నిలబడి చెప్పాడు.

"నేనేనండీ. మా అన్న తీసినాడు."